సైరన్ మోగిన ఊళ్ళో కుటుంబాలు: పిల్లలకు ఒక ఉత్తరం

చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

2025 మే 7న దేశమంతా మాక్ డ్రిల్ (వైమానిక దాడి వస్తే ఏం చెయ్యాలో సాధన) పెట్టినప్పుడు మన దగ్గర చెన్నై పోర్టులోనూ కల్పాక్కంలోనూ చేశారు కదా. ఊరిమీద బాంబులు పడితే మామూలు కుటుంబాలు ఏం చేసేవి, మన మద్రాసు మీద ఎప్పుడైనా పడ్డాయా అని మీరు అడిగారు. రెండో ప్రశ్నకి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను.

పడ్డాయి గానీ తక్కువ. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక రేవు ముందుకొచ్చి, సుమారు 125 ఫిరంగి గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. కనీసం ఐదుగురు చనిపోయారు. పారీస్ కార్నర్ వైపు వెళ్ళినప్పుడు చూడండి, హైకోర్టు ప్రహరీ గోడకి దాని గుర్తుగా పలక ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 అక్టోబరులో, ఒకే ఒక్క జపాన్ విమానం రాత్రివేళ వచ్చి కొన్ని బాంబులు వేసి పోయింది.

వీటికంటే ఊరిని ఎక్కువ కుదిపింది బాంబు పడని 1942 ఏప్రిల్. 5వ తేదీన జపాన్ విమానాలు కొలంబో మీద దాడిచేశాయి. మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద. జపాన్ నౌకలు ఇటే వస్తున్నాయన్న కబురుతో మద్రాసు ఖాళీ అయింది. కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలిపోయాయి. బోనులు విరిగితే ప్రమాదమని జూలో క్రూరమృగాలను కాల్చి చంపేశారు. అలాంటప్పుడు ఒక ఇంటి లెక్క ఎలా ఉంటుందో ఆలోచించండి. తల్లీ పిల్లలూ నెల్లూరుకో చిత్తూరుకో బంధువుల ఇంటికి. ఉద్యోగం ఉన్న తండ్రి ఇక్కడే. ముసలివాళ్ళేమో కదలమని భీష్మించుకుంటారు. ఒక్క జీతంతో రెండుచోట్ల పొయ్యి వెలగాలి. ఒక్క పెంకు రాలకుండానే ఇల్లు మూడు ముక్కలైంది చూశారా! వార్తల్లో చనిపోయినవాళ్ళ అంకె ఒక్కటే వస్తుంది. ఈ ముక్కలైన ఇళ్ళ లెక్క ఎవరూ వెయ్యరు.

అప్పటి బర్మా రాజధాని రంగూన్ సంగతి మన తెలుగువాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అక్కడి రేవులో మూటలు మోసినవాళ్ళలో, మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలవాళ్ళు చాలామంది. 1941 డిసెంబరు 23న పగటిపూట జపాన్ విమానాలు వచ్చాయి. విమానాలంటే వింత కాబట్టి జనం వీధుల్లోకొచ్చి, తలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఎక్కువమంది చనిపోవడానికి అదే కారణం. బాంబు నేలకు తగలగానే దాని ఇనుప తునకలు చుట్టూ, కాస్త పైకి చిమ్ముతాయి. నిలబడ్డవాడికి ఒళ్ళంతా తగులుతుంది. అదే మనిషి బోర్లా పడుకుంటే, చిన్న కాలవలో నక్కినా సరే, చాలా తునకలు పైనుంచే వెళ్ళిపోతాయి.

ఆ తర్వాత సుమారు 5 లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. ఓడ టికెట్టు దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేలమంది ఆ దారిలోనే పోయారు. మిగిలినవాళ్ళకి ఇంకో చిక్కు. వెనకబడ్డ మనిషి ఉన్నాడో లేడో తెలియదు. పోయాడే అనుకున్నా తిథి తెలియదు, తద్దినం ఏ రోజున పెట్టాలి? భార్య బొట్టు ఉంచుకోవాలా, తీసెయ్యాలా? శవం కళ్ళబడితే ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది ఏళ్ళతరబడి తేలని దుఃఖం.

ఇక ఇంటిపట్టున చేసిన ఏర్పాట్లు. కందకం తవ్వడం సులువనిపిస్తుంది గానీ కాదు. లోతు నాలుగున్నర అడుగులు, పైన వెడల్పు రెండున్నర అడుగులకు మించకూడదు. నోరు ఎంత పెద్దదైతే లోపలికి అంత చెత్త పడుతుంది. తిన్నగా తవ్వకూడదు, వంకర్లు పెట్టాలి. ఒక కొసన బాంబు పడితే దాని ఊపు, తునకలు ఆ వంకర దగ్గరే ఆగిపోతాయి, రెండో కొసనున్నవాళ్ళు బతుకుతారు. గోడ కూలినా మీద పడనంత దూరంలో ఉండాలి, అలాగని సైరన్ విని పరిగెత్తి చేరలేనంత దూరమూ పనికిరాదు. మన సముద్రపొడ్డు ఊళ్ళలో అసలు కష్టం నేలతోనే. ఇసుక నేలలో పక్కలు జారి కూలిపోతాయి. పలకలో, వెదురు తడికెలో పెట్టి ఆపకపోతే కందకమే గొయ్యి అవుతుంది. కాస్త లోతుకి వెళ్ళేసరికి నీళ్ళు ఊరతాయి. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వాన పడిందంటే నిండిపోతుంది, దోమలు సరేసరి. లండన్‌లో పెరట్లో పాతుకోమని ఇచ్చిన ఆండర్సన్ షెల్టర్లకీ ఇదే బాధ. వంపువీ తిన్ననివీ కలిపి 14 రేకులు బిగించి, నాలుగడుగుల గోతిలో దించి, పైన కనీసం 15 అంగుళాల మట్టి పోస్తే ఆరుగురికి చోటు. బాంబు నుంచి బాగానే కాపాడేది. నీళ్ళు నిలిచి, చలికి తట్టుకోలేక జనం ఇంట్లోకే వచ్చి పడుకునేవాళ్ళు.

కిటికీ అద్దానికి కాగితం పట్టీలు అడ్డంగా, ఐమూలగా అంటించేవాళ్ళు. దానివల్ల అద్దం పగలకుండా ఉంటుందనుకోకండి. పగిలిన పెంకులు గదంతా ఎగరకుండా పట్టీకి అంటుకుని ఉంటాయి, అంతే. మైదా బంకతో అంటిస్తే మన ఉక్కకి ఊడొస్తుంది, బొద్దింకలు కొరికేస్తాయి, మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి.

నిప్పుబాంబుల కథ వేరు. లండన్ మీద వేసినవి ఎక్కువగా ఒక కిలో బరువున్న మెగ్నీషియం కడ్డీలు. వాటిమీద బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తే భగ్గున చిమ్ముతాయి. ఇసుక కప్పాలి, లేదా చేతిపంపుతో సన్నటి జల్లు కొట్టాలి. జపాన్‌లోనూ ఇంటింటా ఇసుక, నీళ్ళు, బకెట్ల వరస నేర్పారు. పైగా 1941లో చట్టం మార్చి, ఊరు వదలకూడదు, ఇంటివాళ్ళే మంటలార్పాలి అన్నారు. 1945 మార్చి 9 రాత్రి టోక్యో మీద పడ్డవి జిగురులా అంటుకుని మండే బాంబులు, వందల విమానాల నుంచి. చుట్టూ కర్ర ఇళ్ళు. బకెట్లు ఏ మూలకి? చట్టానికి కట్టుబడి ఆగినవాళ్ళకి పారిపోయే వేళ మించిపోయింది. ఒక్క రాత్రిలో సుమారు లక్షమంది. జాగ్రత్తలు నేర్పిన ప్రభుత్వమే జనాన్ని కట్టిపడేసిన దారుణం ఇది, నా దృష్టిలో దీనికి క్షమాపణ లేదు.

టోక్యో పిల్లల్ని 1944లోనే బడులవారీగా పల్లెలకు పంపించారు. వాళ్ళు బతికారు. ఊళ్ళో ఉండిపోయిన అమ్మానాన్నల్లో చాలామంది కాలిపోయారు. ఆరో తరగతివాళ్ళది ఇంకా ఘోరం. బడి ముగింపు వేడుక కోసం సరిగ్గా ఆ మార్చి నెల మొదట్లోనే చాలామందిని ఇంటికి రప్పించారు. 1948లో జపాన్ ప్రభుత్వం లెక్కిస్తే దేశంలో అనాథ పిల్లలు 1,23,511 మంది తేలారు.

బాంబు పడకుండానే చావులు జరిగిన చోటు ఒకటుంది. లండన్‌లో బెత్నల్ గ్రీన్ స్టేషన్, 1943 మార్చి 3. సైరన్ మోగింది, జనం కింది ఆశ్రయంలోకి దిగుతున్నారు. అలవాటులేని ఫిరంగి చప్పుడుకి హడలి వెనకవాళ్ళు తోశారు. మెట్ల దారిలో గుడ్డి దీపం ఒక్కటే, పట్టుకోవడానికి మధ్యలో కమ్మీ లేదు. ముందు ఒకరు పడ్డారు, మీద మీద పడి 173 మంది ఊపిరాడక పోయారు, అందులో 62 మంది పిల్లలు. తర్వాత కమ్మీలు బిగించి, మెట్ల అంచులకు తెల్లరంగు వేశారు.

ఇప్పుడు మీరు చెయ్యదగ్గవి. సైరన్ ఎగుడుదిగుడుగా మోగితే ప్రమాదం, ఒకే తీరున సాగితే గండం గడిచినట్టు. మొదటిది వినగానే అద్దాలకు దూరంగా, కింది అంతస్తులో లోపలి గోడ దగ్గర చేరండి. మెట్లమీద పరిగెత్తకండి, లిఫ్టు ఎక్కకండి. అమ్మ నంబరూ, వేరే ఊళ్ళో ఉన్న ఒక బంధువు నంబరూ నోటికి రావాలి. ఫోను చార్జింగ్ అయిపోతే కాంటాక్ట్ లిస్టు దేనికి పనికొస్తుంది? ఇంట్లోవాళ్ళు తలోచోటా ఉంటే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. చంటిపిల్లల చొక్కాకి పేరు, తండ్రిపేరు, నంబరు రాసిన గుడ్డపట్టీ లోపలివైపు కుట్టాలి. కాగితమైతే తడిసిపోతుంది.

ఆ రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశంలో చిక్కుకున్న తమవాళ్ళకి రెడ్‌క్రాస్ ద్వారా కబురు పంపుకునేవాళ్ళు, ఒక్కో కబురు 25 మాటలకు మించకూడదు. ఈ ఆదివారం మీరూ ఒకటి రాసి చూడండి: మీరు క్షేమమని, ఎక్కడున్నారని, ఎవరు తోడున్నారని 25 మాటల్లో. రాసింది నాకు పంపండి, ఏది వదిలేశారో చెప్తాను.

మీ తాతయ్య