1824లో న్యూయార్క్ జనానికి అధ్యక్షుడి ఓటు ఎందుకు దక్కలేదు

అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద వివాదం రేగినప్పుడల్లా "రాష్ట్ర చట్టసభే ఎలక్టర్లను నియమించేస్తే?" అనే ప్రశ్న పైకి వస్తుంది. ఎలక్టర్లంటే రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి ఓటేసేవాళ్లు. ఇదేం విడ్డూరం అనిపిస్తుంది గానీ ఒకప్పుడు అది మామూలు పద్ధతే, ఎలక్టర్లను ఎలా ఎంచుకోవాలో రాష్ట్ర చట్టసభే చెప్పాలని రాజ్యాంగంలోనే ఉంది. మన దగ్గర రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకున్నట్టే, 1824లోనూ 24 రాష్ట్రాల్లో 6 చోట్ల చట్టసభలే ఎలక్టర్లను ఎంచుకున్నాయి. వాటిలో న్యూయార్క్ ఉంది, 36 ఓట్లతో దేశంలోనే పెద్దది.

జనం ఊరుకోలేదు. ఓటు మాకే ఇవ్వండని గట్టిగా అడిగారు, రాష్ట్ర చట్టసభలోని దిగువ సభ ఒప్పుకుంది కూడా. కానీ రాజధాని ఆల్బనీలో పట్టు మార్టిన్ వాన్ బ్యూరెన్ అనే నాయకుడి వర్గానిది, అధ్యక్ష పదవికి వాళ్ల అభ్యర్థి విలియం క్రాఫర్డ్, ఓటు జనం చేతికి వెళితే ఆయన గెలవడన్నది వాళ్ల భయం. మార్చిలో రాష్ట్ర ఎగువ సభలోని 17 మంది సెనేటర్లు ఆ బిల్లును వాయిదా వేసి పక్కన పడేశారు. అది చాలదన్నట్టు ఏప్రిల్లో తమ ప్రత్యర్థి డివిట్ క్లింటన్‌ను, న్యూయార్క్‌లో తవ్వుతున్న ఈరీ కాలువ కమిషనర్ పదవి నుంచి తీసేశారు. జీతం లేకుండా చేస్తున్న పని అది, ఆ కాలువ కోసం ఏళ్ల తరబడి పాటుపడిన మనిషి ఆయన. ఇంత అన్యాయాన్ని జనం మర్చిపోతారా? నవంబరులో ఆయన్నే గవర్నర్‌గా గెలిపించారు.

అదే నెలలో పాత చట్టసభే కూర్చుని ఎలక్టర్లను ఎంచింది. క్రాఫర్డ్ వర్గానికి తెలియకుండా థర్లో వీడ్ అనే పత్రికాయన మిగతా అభ్యర్థుల్లో ఇద్దరైన జాన్ క్విన్సీ ఆడమ్స్, హెన్రీ క్లే మనుషుల పేర్లు కలిపి బ్యాలెట్ అచ్చు వేయించాడు, అదే నెగ్గింది. డిసెంబరులో ఆడమ్స్‌కు 26, క్రాఫర్డ్‌కు 5, క్లేకు 4, మరో అభ్యర్థి ఆండ్రూ జాక్సన్‌కు 1 పడ్డాయి. క్లేకు 7 రావాల్సింది, అందులో 3 చేజారాయి. దేశం మొత్తం మీద ఆయన 37తో నాలుగో స్థానంలో ఆగిపోయాడు, క్రాఫర్డ్‌కు 41. ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో తీర్పు దేశ పార్లమెంటులోని ప్రతినిధుల సభకు వెళ్లింది, అక్కడ పోటీలో ఉండేది మొదటి ముగ్గురే, ఒక్కో రాష్ట్రానికి ఒక్కటే ఓటు.

1825 ఫిబ్రవరి 9న ఆ సభలో న్యూయార్క్ సభ్యులు 34 మందిలో సరిగ్గా 18 మంది ఆడమ్స్ వైపు నిలిచారు. ఒక్కరు తప్పుకున్నా రాష్ట్రం ఆయనకు దక్కేది కాదు, గెలవడానికి కావలసిన 13 రాష్ట్రాలు ఆ రోజు పూర్తయ్యేవి కావు.

న్యూయార్క్‌లో జనం నేరుగా ఎలక్టర్లకు ఓటేసింది 1828లో. అప్పుడు కూడా ఆడవాళ్లకు ఓటు లేదు, నల్లజాతి పురుషుడైతే 250 డాలర్ల ఆస్తి చూపించాలి.