జైల్లో చర్చి ఉంటుందా?

కావలి

ప్రియమైన పిల్లలకు,

క్రిస్మస్‌కి మన సంఘం నుంచి చెముడుగుంటలోని నెల్లూరు సెంట్రల్ జైలుకి వెళ్తున్నామని చెప్పగానే మీలో ఒకరు "జైల్లో చర్చి ఉంటుందా తాతయ్యా?" అని అడిగారు. ఉంటుంది, ఉండదు అని ఒక్క మాటలో తేలేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

మన జైళ్లలో నేను చూసినంతలో శిఖరం, గంట ఉన్న చర్చి కనపడదు. ఒక హాలో, షెడ్డో, బ్యారక్ ముందు ఖాళీ స్థలమో ఆ గంటసేపు చర్చి అవుతుంది. పాస్టర్లు ముందుగా సూపరింటెండెంట్ అనుమతి తీసుకుంటారు. గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, సెల్‌ఫోన్లు బయటే పెట్టాలి.

ఇంగ్లండులో మాత్రం ఒకప్పుడు జైలు కడితే చర్చి కూడా అందులోనే కట్టేవారు. 1842లో లండన్‌లో పెంటన్‌విల్ జైలు తెరిచారు. ఖైదీలు ఒకరితో ఒకరు కలిస్తే ఇంకా చెడిపోతారని, ఒంటరిగా ఉంచితే తప్పు తెలుసుకుంటారని అప్పటి అధికారుల నమ్మకం. అందుకని ఎవరి గది వారిదే. గదిలోంచి బయటికొస్తే ముఖానికి ముసుగు. చర్చిలో కూడా ఒక్కొక్కరికి ఒక్కో చెక్క అర, దానికో తలుపు. బీరువాలో నిలబెట్టినట్టే. ఎదురుగా పాదిరి కనపడతాడు, పక్కన నిలబడ్డ మనిషి కనపడడు. ఇంగ్లండులోనే లింకన్ అనే ఊరి కోటలో 1848లో కట్టిన జైల్లో ఆ అరలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇది తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది. ఇద్దరు ముగ్గురు కూడుకున్న చోట నేనుంటానన్న ప్రభువు పేరు చెప్పి, ఏ ఇద్దరూ కూడుకోకుండా చెక్కలు అడ్డం పెట్టారు! ఆ ఒంటరితనానికి మతి తప్పినవాళ్లున్నారు. అయినా మనిషి ఊరుకోడు కదా. అందరూ గట్టిగా కీర్తన పాడుతుంటే, అదే రాగంలో సొంత మాటలు కలిపి పక్క అరలోవాడితో మాట్లాడేవాళ్లు. నా మటుకు ఆ జైల్లో జరిగిన అసలైన ఆరాధన అదే.

లింకన్ జైలు 1878లో మూతపడింది. సరిగ్గా ఆ ఏడాదే మన ఒంగోలు వైపు, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో చితికిపోయిన జనం, ఏటి ఒడ్డున గుంపులు గుంపులుగా. ఆ రెండూ ఒకే కాలంలో జరిగాయంటే నమ్మబుద్ధి కాదు.

ఖైదీలే కట్టుకున్న చర్చిలు కూడా ఉన్నాయి. స్కాట్లాండుకి ఉత్తరాన ఆర్క్‌నీ దీవులున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటలీ సైనికుల్ని అక్కడికి తెచ్చి, దీవుల మధ్య సముద్రానికి అడ్డంగా కట్టలు వేయించారు. చలి, గాలి, బురద. ప్రార్థనకి చోటు కావాలని వాళ్లడిగితే 1943లో రెండు రేకుల షెడ్లు ఇచ్చారు. వాటిని కలిపి కట్టుకున్నారు. బలిపీఠం కాంక్రీటుతో పోశారు. మాంసం డబ్బాల రేకుతో లాంతర్లు చేశారు. దొమెనికో కియొక్కెత్తి అనే చిత్రకారుడు, వాళ్లమ్మ ఇచ్చిన చిన్న ప్రార్థన కార్డు చూసి బలిపీఠం వెనక మరియమ్మ బొమ్మ వేశాడు. 1944లో తోటివాళ్లందర్నీ ఆ దీవి నుంచి పంపేస్తున్నా, మిగిలిన పని కోసం ఆయన ఆగిపోయాడు. తోటివాళ్లు వెళ్లిపోతున్నా పని కోసం ఆగాడంటే అది ఎవరో చేయించిన పని కాదు. 1960లో మళ్లీ అక్కడికి వెళ్లి రంగులు బాగుచేశాడు.

సింగపూర్ చాంగీలో జపాన్ సైన్యం చేతిలో బందీలైనవాళ్లు ఫిరంగి గుండు ఇత్తడి తొడుగుతో సిలువ చేసుకున్నారు.

ఇదేదో దూరదేశాల ముచ్చట అనుకోకండి. గోల్కొండ కోటకి వెళ్లినవాళ్లు రామదాసు చెరసాల చూసే ఉంటారు. రాతి గోడ మీదున్న సీతారామలక్ష్మణుల బొమ్మలు ఆయన చెక్కుకున్నవేనని చెబుతారు. దేవుడి పేరు వేరు కావచ్చు, ఆ గోడ ముందు కూర్చున్న మనిషి అవసరం ఒకటే.

ఇంకో సంగతి. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బైమందికి పైగా ఇంకా కేసు తేలనివాళ్లే. తప్పు చేశారో లేదో కోర్టు చెప్పలేదు. అందుకే మాతో వచ్చే యూత్ వాళ్లకి గట్టిగా చెప్పాను: "ఏం కేసు?" అని ఎవర్నీ అడగొద్దు. ఊరు అడగండి, పిల్లలెంతమంది అని అడగండి. మనం వేదిక మీద నిలబడి పాడి రావడం కాదు, వాళ్ల మధ్య కూర్చుని వాళ్ల చేత పాడించాలి.

చిన్నపిల్లల్ని లోపలికి తీసుకెళ్లడం లేదు, అలగొద్దు. మీ ఇళ్లలో పాత పాటల పుస్తకాలుంటే ఆదివారం తెచ్చివ్వండి. ముందుగా జైలు ఆఫీసులో చూపించి అక్కడ ఇచ్చేస్తాం. అట్టలు ఊడినవి నేను అతికిస్తాను గానీ, మధ్యలో పేజీలు లేనివి మాత్రం వద్దు.

ప్రేమతో,
మీ సండే స్కూల్ తాతయ్య