చెనక్కాయ చేనుకూ ధ్రువాల తిమింగలానికీ మధ్య

వేరుశనగ విత్తనానికి పట్టించే మందు, కొత్త ఇంటి పునాదిలో చెదలు రాకుండా పోసే మందు మన వైపు చాలాసార్లు ఒక్కటే. క్లోరిపైరిఫాస్. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సేద్యం చేసే ఇళ్లలో ఈ పేరు తెలియనివాళ్లు అరుదు. ప్రమాదకర రసాయనాలను అరికట్టేందుకు కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందంలోని దేశాలు 2025 మేలో జెనీవాలో సమావేశమై దీన్ని వదిలించుకోవాల్సిన రసాయనాల జాబితాలో చేర్చాయి. కొన్ని మినహాయింపులు ఇచ్చారనుకోండి. చేర్చడానికి చూపిన కారణాల్లో ఒకటి, పంటలే పండని ఆర్కిటిక్‌లో కూడా ఈ మందు ఆనవాళ్లు దొరకడం. మన చేలో కొట్టిన మందుకూ ఉత్తర ధ్రువానికీ ఏం సంబంధం అన్న ప్రశ్న కొత్తదేం కాదు. దాని వెనక అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో తిమింగలాలది పెద్ద భాగం.

మొదలు డీడీటీ. దీన్ని 1874లోనే తయారు చేసినా, పురుగుల్ని చంపుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనిపెట్టింది 1939లో. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు డీడీటీని తిట్టడం తేలికే గానీ, స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని అంచనా. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. మలేరియా వాళ్లు వచ్చి గోడలకు మందు కొట్టి, తేదీ రాసి పోవడం పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఆ మేలు చిన్నది కాదు.

చేలల్లో కథ వేరు. రాయలసీమ వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు పాత శత్రువు. వానలు పడగానే గుంపులుగా వచ్చి చేనును ఆకు లేకుండా మేసేస్తుంది. దానికి దొరికిన విరుగుడు బీహెచ్‌సీ పొడి. ముక్కూ మూతీ తువ్వాలుతో చుట్టుకుని, పలుచని గుడ్డ సంచిలో పొడి పోసి, సాలు వెంట నడుస్తూ సంచిని తడుతూ పోయేవారు. గాలి ఎటు వీస్తే పొడి అటు. ఇదే పొడి గమాక్సిన్ పేరుతో ఇళ్లలోకీ వచ్చింది, చీమలకూ బొద్దింకలకూ చల్లేవారు. ఇక ఎండ్రిన్ అనే ఇంకో పురుగుమందు పేరు పల్లెల్లో పంటల కంటే చావులతోనే ఎక్కువ ముడిపడింది. దేశంలో ఎండ్రిన్‌ను 1990లో, బీహెచ్‌సీని 1997లో ఆపేశారు. ఆపేలోగా మన దేశం వాడిన బీహెచ్‌సీ పది లక్షల టన్నుల పైమాటే అని అంచనా. చైనా వాడకం దానికి నాలుగింతలు.

వాడేవాళ్లు వాడుతుండగానే 1966లో రెండు వార్తలు వచ్చాయి. అంటార్కిటికా పెంగ్విన్లలో, సీల్ జంతువుల్లో డీడీటీ అవశేషాలు ఉన్నాయని తేలింది. అక్కడ దోమల మందు కొట్టినవాళ్లెవరూ లేరు. రెండోది స్వీడన్‌లో. సోరెన్ యెన్సెన్ అనే కెమిస్ట్ చేపల్లో, గద్దల్లో డీడీటీ కోసం వెతుకుతుంటే, పరీక్షలో డీడీటీ గీతల పక్కన పోల్చుకోలేని గీతలు కొన్ని కనబడుతూ వచ్చాయి. మ్యూజియంలో దాచిన పాత గద్ద ఈకలు తీసి చూశాడు. 1944 నాటి ఈకలోనూ అదే గీత. డీడీటీ ఊరూరా వాడుకలోకి రాకముందే అది ఉందంటే పురుగుమందు కాదన్నమాట. చివరికి అవి పీసీబీలని తేల్చాడు. 1929 నుంచి ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో నూనెగా పోస్తున్న రసాయనాలివి. తన సొంత ఇంట్లోవాళ్ల వెంట్రుకల్లో కూడా ఆయనకు అవే దొరికాయి.

ఇవన్నీ ధ్రువాలకు ఎలా చేరాయన్నది తర్వాత తేలింది. బట్టల పెట్టెలో కలరా ఉండలు కరిగి నీరు కాకుండానే మాయమైనట్టు, ఈ రసాయనాలు వేడి నేల మీద నుంచి నెమ్మదిగా ఆవిరవుతాయి. మే నెలలో 42 డిగ్రీలు దాటే తిరుపతి ఎండ అందుకు సరిగ్గా సరిపోతుంది. గాలితో పోయి, చల్లగా ఉన్నచోట దిగుతాయి. మళ్లీ వేడెక్కితే మళ్లీ లేస్తాయి. అలా ఎగురుతూ దిగుతూ మరీ చల్లని చోటికి చేరాక ఇక లేవలేవు.

ఆర్కిటిక్ నీళ్లలో దొరికిన ఫలానా అణువు చంద్రగిరి చేనుదని ఎవరూ చెప్పలేరు. కానీ చైనా 1983లో బీహెచ్‌సీ ఆపేశాక, తొంభైల్లో మన వాడకం తగ్గాక, ఆర్కిటిక్ గాలిలో దాని మోతాదు కూడా మెట్లు దిగినట్టు పడిపోయింది. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు. ఇక్కడ మానేస్తే అక్కడ తగ్గింది.

తిమింగలం ఎందుకు దొరికిపోయిందంటే దాని కొవ్వు వల్ల. చర్మం కింది కొవ్వు పొర బోహెడ్ తిమింగలంలో మూర మందం దాకా ఉంటుంది. ఈ రసాయనాలు నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. పైగా పీసీబీలను విరిచి బయటికి పంపే శక్తి తిమింగలాల ఒంట్లో చాలా తక్కువని జపాన్ పరిశోధకులు ఎనభైల్లోనే చూపించారు. తిన్నది తిన్నట్టు పోగవుతూ ఉంటుంది. అయితే అన్ని తిమింగలాలకూ ఒకే లెక్క కాదు. సన్నని జీవుల్ని వడకట్టి మింగే బోహెడ్‌లో విషం తక్కువ. చేపల్ని తినే తెల్ల తిమింగలం బెలూగాలో అంతకంటే ఎక్కువ. సీల్ జంతువుల్నీ తోటి తిమింగలాల్నీ వేటాడే కిల్లర్ వేల్‌లో అన్నిటికంటే ఎక్కువ. ఆహార గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మోతాదు పెరుగుతుంది. అంటార్కిటికా హంప్‌బ్యాక్ తిమింగలానిది ఇంకో తంటా. అక్కడ వేసవిలో క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న జీవుల్ని తిని కొవ్వు పట్టిస్తుంది. ఈనడానికి వెచ్చని సముద్రాలకు వచ్చి నెలల తరబడి దాదాపు పస్తుంటుంది. కొవ్వు కరిగేకొద్దీ అందులో దాక్కున్న విషం నెత్తుట్లోకి దిగుతుంది.

మగ తిమింగలంలో వయసుతో పాటు విషమూ పెరుగుతూనే పోతుంది. ఆడదానిలో మాత్రం మొదటి కాన్పుతో పడిపోతుంది. తగ్గినందుకు సంతోషించే పని లేదు, అది పాలతో పాటు బిడ్డకు పోయింది. తల్లి ఏళ్ల తరబడి కూడబెట్టిందాంట్లో పెద్ద వాటా తొలిచూలు దూడకే. మెదడు, రోగనిరోధక శక్తి తయారయ్యే వయసులో అంత విషం.

ఒంట్లో ఏం చేస్తుందన్నది కెనడాలోని సెయింట్ లారెన్స్ నదీముఖంలో బాగా కనబడింది. ఆ చోటు ధ్రువానికి చాలా దిగువన ఉన్నా, అక్కడి బెలూగాలు ఆర్కిటిక్ జాతివే. 1982 నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలను శాస్త్రవేత్తలు కోసి చూడటం మొదలుపెట్టారు. వన్యప్రాణుల్లో అరుదుగా కనబడే కేన్సర్లు వరసగా కనబడ్డాయి. 1989లో దొరికిన ఒక బెలూగాలో మగ, ఆడ అవయవాలు రెండూ ఉన్నాయి. కొన్నిటి కొవ్వులో పీసీబీ ఎంత ఉందంటే, కెనడా నిబంధనల ప్రకారం ఆ కళేబరం ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. కేన్సర్లకు మాత్రం ఎక్కువ అనుమానం దగ్గర్లోని అల్యూమినియం ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మసి రసాయనాల మీదికి పోయింది. వాటిని అదుపు చేశాక పుట్టిన బెలూగాల్లో కేన్సర్ తగ్గిపోయింది. అడవి జంతువుల్లో ఏ రసాయనం ఏ జబ్బు తెచ్చిందో విడదీసి చెప్పడం ఎప్పుడూ కష్టమే. థైరాయిడ్ హార్మోన్లు, విటమిన్ ఎ అటూఇటూ కావడం, వ్యాధిని తట్టుకునే శక్తి తగ్గడం ఆర్కిటిక్ జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో మళ్లీమళ్లీ కనబడ్డాయి.

కిల్లర్ వేల్స్ విషయంలో మాత్రం పెద్దగా సందేహం లేదు. 2016లో స్కాట్లాండ్‌లోని టైరీ దీవి ఒడ్డున లులు అనే ఆడ కిల్లర్ వేల్ చనిపోయి దొరికింది. దాని కొవ్వులో పీసీబీలు కిలోకు 957 మిల్లీగ్రాములు. కిలోకు 9 మిల్లీగ్రాముల దగ్గరే నష్టం మొదలవుతుందని లెక్క. కనీసం ఇరవై ఏళ్ల వయసున్నా ఒక్కసారి కూడా ఈనిన జాడ లేదు. ప్రపంచంలోని కిల్లర్ వేల్ గుంపుల్లో సగానికి పైగా పీసీబీల వల్లే అంతరించే ప్రమాదం ఉందని 2018లో ఒక అధ్యయనం లెక్కగట్టింది.

చట్టాలు కదిలింది తిమింగలాల మీద జాలితో కాదు, మనుషుల వల్లే. ఎనభైల చివర కెనడాలోని క్యూబెక్ డాక్టర్ ఎరిక్ డెవాయి తల్లిపాలలో పీసీబీలు కొలుస్తూ, పోల్చి చూసేందుకు కాలుష్యం అంటని పాలు కావాలని ఉత్తరాన ఉండే మూలవాసులు ఇన్యూట్ తల్లుల పాలు తెప్పించుకున్నాడు. వాటిలోనే దక్షిణ క్యూబెక్ తల్లుల కంటే ఐదింతలు ఎక్కువ తేలింది. కారణం తిండి, అంటే బెలూగా చర్మం, కొవ్వు, సీల్ మాంసం. ఫారో దీవుల్లో కూడా 2008లో వైద్యాధికారులు పైలట్ తిమింగలం మాంసం తినొద్దని చెప్పేశారు. అక్కడ పీసీబీతో పాటు పాదరసం కూడా తోడైంది.

2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది. పీఠికలోనే ఆర్కిటిక్‌నూ అక్కడి మూలవాసులనూ ప్రస్తావించారు. తొలి జాబితాలోని 12 రసాయనాల్లో డీడీటీ, ఎండ్రిన్, పీసీబీలు మూడూ ఉన్నాయి. మన దేశం 2006లో ఆమోదించింది. డీడీటీని దోమల కోసం మాత్రం అట్టేపెట్టుకుంది. పీసీబీ వాడకం 2025 డిసెంబరు 31కల్లా పూర్తిగా ఆగాలని 2016లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన పొలాల దగ్గరుండే ట్రాన్స్‌ఫార్మర్లలో ఉండేది మామూలు ఖనిజ నూనే. చిక్కంతా పాత పెద్ద పరికరాలతో. అందులోని నూనెను పరీక్షించకుండా తుక్కు వ్యాపారికి అమ్మేస్తే అది ఎటు పోయిందో అంతుండదు.

మళ్లీ క్లోరిపైరిఫాస్ దగ్గరికి వద్దాం. ఇది పాతవాటిలా కొవ్వులో దశాబ్దాలు నిలవదు. అయితే 2018లో ఒక విచిత్రం బయటపడింది. ఈ రకం మందుల్ని విరిచేసే పాన్1 అనే ఎంజైమ్ మనిషిలో ఉంది, ఆవులో ఉంది, తిమింగలంలో లేదు. తిమింగలాల పూర్వీకులు నేల మీద తిరిగినవే, వాటి శిలాజాలు జమ్మూ కశ్మీర్‌లోనూ పాకిస్తాన్‌లోనూ దొరికాయి. నీళ్లలోకి దిగాక అక్కర్లేక ఆ జన్యువు పాడైపోయింది. ఇప్పుడు అక్కర పడింది.

జెనీవాలో జాబితాకు ఎక్కినంత మాత్రాన మన షాపుల్లో అమ్మకం ఆగిపోదు. కొత్తగా చేర్చిన రసాయనం ఏదైనా, తాను విడిగా ఆమోదిస్తేనే తనకు వర్తిస్తుందని భారత్ మొదటే షరతు పెట్టుకుంది. గతంలో ఏడు రసాయనాలకు అలాంటి ఆమోదం 2020 అక్టోబరులో వచ్చింది, వాటిలో కొన్ని జాబితాలో చేరి అప్పటికే పదేళ్లు దాటింది.