పిల్లల బృందగానం: ఏటా వినే అపోహలు, అసలు సంగతులు

పిల్లల చేత బృందగానం చేయించడం నా పని. పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు, తమ బళ్లో బృందం పెట్టాలనుకునే టీచర్లు ఏటా దాదాపు ఇవే మాటలు అంటుంటారు. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు, కొన్నిటికి కుదరదు.

అపోహ: మంచి గొంతున్న వాళ్లని ఏరుకుంటేనే బృందం నిలబడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. "మా అమ్మాయికి శ్రుతి నిలవదండీ, వెనకాల నిలబెట్టండి, ఊరికే పెదాలు కదుపుతుంది" అని కన్నతల్లే అంటుంది, అదీ ఆ పిల్ల ముందే. స్వరాల తేడా బొత్తిగా పట్టుకోలేని మనుషులు లేకపోలేదు గానీ చాలా అరుదు. అపస్వరం పాడే పిల్లల్లో ఎక్కువమందికి చెవి బాగానే ఉంటుంది. విన్న స్వరాన్ని గొంతుతో అందుకోవడమే ఇంకా అలవాటు కాలేదు. చాలామంది మాట్లాడే స్థాయిలోనే పాడేస్తుంటారు. తమ గొంతు ఇంకా పైకి వెళ్తుందన్న సంగతే వాళ్లకు తెలియదు.

అలాంటి పిల్లని మొదటిరోజే నా శ్రుతికి లాగను. తను ఏ స్వరం పలికితే దాన్నే నేనూ అందుకుంటాను. రెండు గొంతులు ఒకటైతే ఎలా ఉంటుందో ముందు ఆ పిల్లకు తెలియాలి. అక్కడి నుంచి ఒక్కో మెట్టే పైకి. అంబులెన్స్ సైరన్ లాగా కింది నుంచి పైదాకా "ఊ..." అని జార్చమంటే నవ్వుకుంటూ చేస్తారు, పై స్థాయి తలుపు అక్కడే తెరుచుకుంటుంది. ఇక నిలబెట్టే చోటు ముందు వరసలో, నిలకడగా పాడే ఇద్దరి మధ్య. వెనక వరసలో పెదాలు కదిపే పిల్లకు పదేళ్లయినా పాట రాదు.

అపోహ: బృందగానం అంటే గట్టిగా పాడాలి.

స్కూలు వార్షికోత్సవం రిహార్సల్‌కు వెళ్లి చూడండి, "గట్టిగా! ఇంకా గట్టిగా!" తప్ప ఇంకో మాట వినబడదు. అరిచేవాడికి పక్కవాడి గొంతు వినబడదు, అది వినబడకపోతే శ్రుతి కలవదు. పైగా ఎప్పుడూ అరిచే పిల్లలకు స్వరతంతువుల మీద చిన్న కణుపుల్లాంటివి లేచి గొంతు బొంగురుపోతుంది. జలుబు తగ్గినా వారాల తరబడి బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే. నా దగ్గర కొలత ఒకటే: నీకు పక్కవాళ్ల గొంతు వినబడుతోందా? లేదంటే తగ్గించు.

అరుపుకు ఇంకో కారణం శ్రుతి. సినిమా పాట ట్రాక్ పెట్టేసి పెద్దవాళ్ల శ్రుతిలోనే పాడిస్తారు. ఎనిమిది, పదేళ్ల పిల్లలకు కీబోర్డు మీద మధ్య 'సి' నుంచి పై 'సి' దాకా, ఒకటి రెండు మెట్లు అటూ ఇటూగా హాయిగా ఉంటుంది. పాట అందులో ఇమడకపోతే శ్రుతి మార్చాలి, అప్పటికీ ఇమడకపోతే పాటనే మార్చాలి.

అపోహ: తేనె, మిరియాలు, పచ్చి గుడ్డు ఇస్తే గొంతు విచ్చుకుంటుంది.

మింగింది అన్నవాహికలోకి పోతుంది. స్వరతంతువులు ఉండేది గాలి వెళ్లే దారిలో. వేడి వేడి మిరియాల పాలు తాగితే ఒంటికి హాయే, కాదనను. గొంతుకు మాత్రం రోజంతా కాసిని మంచినీళ్లు, కంటినిండా నిద్ర చాలు.

అపోహ: మగపిల్లాడి గొంతు మారితే ఇక మానిపించాలి.

ఇది పాతకాలపు బాలుర బృందాల నుంచి వచ్చిన పట్టింపు. వియన్నాలో సెయింట్ స్టీఫెన్ చర్చి బృందంలో పాడిన హేడన్‌ను గొంతు మారాక, 1749 ప్రాంతంలో పంపించేశారు. ఆయన పెద్ద స్వరకర్త అయ్యాడు, అది వేరే కథ. మనకు అంత కర్కశత్వం అక్కర్లేదు. స్వరపేటిక పెరిగే ఆ రోజుల్లో పలికే పరిధి కుదించుకుపోతుంది, స్వరం ఉన్నట్టుండి జారిపోతుంది. అందిన నాలుగైదు స్వరాల్లోనే కింది వరస ఒకటి రాసిస్తే సరి. పరువు పోతుందని వాడు మానేయకుండా చూసుకోవడమే అసలు కష్టం.

అపోహ: ఇది పాశ్చాత్యుల కళ, మన రాగాలకు నప్పదు.

బతుకమ్మ చుట్టూ ఒకరు అందిస్తే అందరూ అందుకోవడం, భజన గోష్ఠి, కోలాటం పాటలు ఎవరివి? రేడియో అన్నయ్య, అక్కయ్య (న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు) మన పిల్లల్ని మైకు ముందుకు తెచ్చి ఎన్నో దశాబ్దాలైంది. ఇక ఒకేసారి వేర్వేరు వరసలు పాడటం అంటారా, చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కొయర్ (బృందగాన జట్టు) పెట్టి భారతీయ బాణీల్లోనే అది చేసి చూపించారు.

మొదలుపెట్టడానికి మోహన రాగం పట్టుకోండి. స రి గ ప ద, ఇందులో పక్కపక్కనే అరమెట్టు దూరంలో ఉండి, కలిసి పలికితే గుచ్చుకునే స్వరాలు లేవు. అందుకే ఒక జట్టు ఆది తాళంలో ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడాక రెండో జట్టు మొదటి నుంచి అందుకున్నా చెవికి పెద్దగా గుచ్చుకోదు. హంగరీలో బడిపిల్లల సంగీతానికి కొత్త దారి వేసిన జోల్తాన్ కొదాయ్ కూడా ఐదు స్వరాల పాటలతోనే మొదలుపెట్టమన్నారు. ఆయన పద్ధతిలో 'డో' (మన 'స' లాంటి మొదటి స్వరం) ఏ శ్రుతిలోనైనా ఉండొచ్చు. మన షడ్జం ఎప్పుడూ అంతేగా!

అపోహ: హాలు, వాద్యాలు, యూనిఫాం లేకుండా బృందం పెట్టలేం.

ఫోన్‌లో తంబురా యాప్, మరీ ప్రతిధ్వనించని ఒక గది, ఫ్యాన్ ఆపితే ఊరుకునే పిల్లలు. మూడోదే దొరకడం కష్టం.

అపోహ: తలలు పెరిగితే బృందం ఎదిగినట్టే.

మన దగ్గర ఎనిమిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అంటారు, పదో తరగతి వచ్చేసరికి పాట పూర్తిగా ఆగిపోతుంది. ఎంతమందిని చేర్చుకున్నా, నిలకడగా పాడేవాళ్లంతా ఒకే ఏడు వెళ్లిపోతే మళ్లీ మొదటికే వస్తాం. కాబట్టి చిన్నవాళ్ల జట్టు, పెద్దవాళ్ల జట్టు విడిగా ఉండాలి. వారానికి ఒక్కసారైనా రెండూ కలిసి పాడాలి. తొమ్మిదిలోకి వెళ్లేవాళ్లు మానేసేలోగా వాళ్ల పక్కన నిలబడి పాట పట్టుకోవాల్సిన ఐదో తరగతి పిల్లల్ని నేను అంతకుముందు దసరా సెలవులకే చూసి పెట్టుకుంటాను. జూన్‌లో బడి తెరిచాక వెతకడం మొదలుపెడితే సంక్రాంతి దాకా బృందం కుదురుకోదు.