గోడలోంచి పొగ

కావలిలో మా వీధి చివరింటి పెద్దమ్మకి డెబ్బై రెండేళ్లు. భర్త పోయాడు, పిల్లలు బెంగళూరులో. చీటీపాట లెక్క, పాలవాడి బాకీ పైసాతో సహా చెబుతుంది. కానీ పక్కింటోళ్లు రాత్రిళ్లు గోడలోంచి మందు పొగ వదులుతున్నారంటుంది. "నీకు వాసన తగల్లా అబ్బయా?" అని కిటికీ సందుల్లో కుక్కిన తడిగుడ్డలు చూపించింది.

మతిమరుపన్నాడు కొడుకు. చేతబడంది వీధి. మతిమరుపులోనూ అనుమానాలుంటాయి, కానీ అక్కడ తాళాలు తనే ఎక్కడో పెట్టి కోడలు దొంగిలించిందంటారు. ఈమెకి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. అరవై దాటాక తొలిసారి వచ్చే ఈ అనుమానాల జబ్బుకి 1950ల్లో బ్రిటన్ మానసిక వైద్యుడు మార్టిన్ రాత్ 'లేట్ పారాఫ్రీనియా' అని పేరు పెట్టాడు. గోడల్లోంచి, పైకప్పులోంచి మనుషులో పొగో కిరణాలో వస్తున్నాయనడం ఇందులో ఎంత మామూలంటే, ఆ భ్రమకి విడిగా ఓ పేరే ఉంది.

ఆడవాళ్లలో ఎక్కువ. ఒంటరితనం, వినికిడి తగ్గడం తరచూ తోడుంటాయి. నాకు చెవి సంగతే ఆసక్తి. పక్కింటావిడ ఎండుచేపలు వేయిస్తూ "ఎండు..." అంటే ఈమెకి "మందు" అని వినబడిందేమో! సగం విన్న మాటని మెదడు తనకి తోచినట్టు పూరించుకుంటుంది. చెవుడొచ్చిన వాళ్లందరికీ ఇలా కాదు, చెవొక్కటే కారణమూ కాదు.

ఒకటి మాత్రం వేరు. రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడి, పగలూ రాత్రీ తెలియకుండా మాట్లాడితే అది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పొగ లేదని వాదిస్తే మనమూ పక్కింటోళ్ల జట్టులో చేరిపోతాం. ఉందంటే అబద్ధం. "నిద్ర లేక నలిగిపోతున్నావు, దానికి చూపిద్దాం పద" అంటే వచ్చింది. మందుల మోతాదు చిన్నదే: 2018లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో ఇలాంటి భ్రమల్ని తగ్గించే అమిసల్‌ప్రైడ్ అనే మాత్ర రోజుకి 100 మిల్లీగ్రాములే మేలు చేసింది. ఆ మందుతో ఒళ్లు బిగుసుకోవడం, తూలిపడటం మాత్రం కనిపెట్టి ఉండాలి. ఎవర్ని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాత్రలూ చెవి మిషనూ మొదలై మూడు నెలలైంది. మొన్న కిటికీ తెరిచి ఉంది. పొగ సంగతేందని అడిగా.

"ఈమధ్య వాళ్లే తగ్గించార్లే అబ్బయా" అంది.