క్వాడ్రేచర్ మాడ్యులేటర్: చిప్ మార్చే ముందు ఇది చదవండి

ఐ, క్యూ అనే రెండు బేస్‌బ్యాండ్ (అసలు సమాచారపు) సిగ్నళ్లను 90 డిగ్రీల తేడా ఉన్న రెండు క్యారియర్ అలల మీదికి ఎక్కించి కలిపే రేడియో చిప్ క్వాడ్రేచర్ మాడ్యులేటర్. ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వస్తే చాలు, వడ్డేశ్వరం నుంచి, కానూరు నుంచి, గుంటూరు నుంచి ఒకే రకం ఫోటోలు నాకు వస్తాయి. స్పెక్ట్రమ్ ఎనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) తెర మీద సరిగ్గా ఎల్‌ఓ (క్యారియర్ అలను ఇచ్చే లోకల్ ఆసిలేటర్) ఫ్రీక్వెన్సీ దగ్గర నిటారుగా ఒక గీత. కింద ఒకే ప్రశ్న: "సార్, చిప్ నకిలీదా?"

నకిలీ చిప్‌లు మార్కెట్లో లేవని నేను అనను. కానీ ఆ గీత క్యారియర్ లీకేజీ, అంటే సిగ్నల్‌తోపాటు బయటికి కారిపోయే ఎల్‌ఓ అల. సరిదిద్దకముందు అది ఎంత ఉంటుందో డేటాషీట్‌లోనే రాసి ఉంటుంది. మీ కొలత దానికి దగ్గరగా ఉంటే చిప్ మీద నింద వేయకండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారని పదిమందీ అదే మాట తిప్పి చెబుతుంటే విసుగొస్తుంది.

అపోహ: బేస్‌బ్యాండ్ లైన్లలో కెపాసిటర్లు పెడితే డీసీ ఆగి, క్యారియర్ లీకేజీ పోతుంది.

నేను చూసినంతలో జనానికి ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. కెపాసిటర్ ఆపేది డాక్ (డిజిటల్ అంకెలను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్) నుంచి వచ్చే ఆఫ్‌సెట్‌ను, అంటే సిగ్నల్‌లో కలిసిన అనవసరపు డీసీని మాత్రమే. చిప్ లోపలి ట్రాన్సిస్టర్ జతల్లో ఉండే తేడా అలాగే ఉంటుంది. ఎల్‌ఓ నేరుగా అవుట్‌పుట్‌లోకి దూకే వాటా కూడా అలాగే ఉంటుంది.

పైగా ఇన్‌పుట్లకు కావలసిన బయాస్ (స్థిరమైన డీసీ వోల్టేజీ) తెగిపోతుంది. ఏడీఎల్5375 అనే మాడ్యులేటర్ చిప్‌నే తీసుకోండి. పేరు చివర 05 ఉన్న రకానికి 0.5 వోల్టు, 15 ఉన్న రకానికి 1.5 వోల్టుల బయాస్ బయటి నుంచి అందాలి. 0 నుంచి 20 మిల్లీఆంపియర్లు ఇచ్చే డాక్‌కు ఒక్కో అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 50 ఓంలు పెడితే సగటున 10 మిల్లీఆంపియర్లు పారి, కావలసిన 0.5 వోల్టు దానంతట అదే వస్తుంది. అంత తేలికగా అమిరేదాన్ని మధ్యలో కెపాసిటర్ పెట్టి మనమే చెడగొట్టుకుంటున్నాం.

ఇంకో నష్టం దీనికన్నా పెద్దది. లీకేజీని రద్దు చేయడానికి మన చేతిలో ఉన్న సాధనం డీసీ ఆఫ్‌సెట్ ఒక్కటే. డాక్ నుంచి కొద్దిపాటి ఆఫ్‌సెట్ ఇచ్చి ముందు ఐ వైపు, తర్వాత క్యూ వైపు, మళ్లీ ఐ వైపు సర్దుతూ పోతే గీత దిగుతుంది. కెపాసిటర్‌తో ఆ దారి మూసేశాక దేనితో సర్దుతారు? లెక్క కూడా చూడండి. సింగిల్ సైడ్‌బ్యాండ్ టోన్ (ఎల్‌ఓకు ఒక పక్కన మాత్రమే వచ్చే సిగ్నల్) పంపేటప్పుడు ఐ, క్యూలలో సిగ్నల్ పీకు 500 మిల్లీవోల్టులు అనుకుందాం. ఐ వైపు 5 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉంటే లీకేజీ సిగ్నల్‌కు 40 డీబీ కింద ఉంటుంది. ఆ 5ను 1కి దించితే 54 డీబీ. ఫిల్టర్‌తో తీసేద్దామనేవారికి ఒక మాట: జీరో ఐఎఫ్‌లో (బేస్‌బ్యాండ్‌ను నేరుగా ఎల్‌ఓ ఫ్రీక్వెన్సీకి ఎక్కించే పద్ధతిలో) ఆ గీత మీ ఛానల్ నడిబొడ్డున ఉంటుంది.

గుంటూరు దగ్గర టెలిమెట్రీ పరికరాలు చేసే ఒక కుర్రాడు ఇలాగే చిప్ మీద చిప్ మార్చి, చివరికి బోర్డు మీది ప్యాడ్లు కూడా లేపేసుకున్నాడు. వస్తువు ఇస్తానన్న తేదీ దాటిపోయి, కస్టమర్ ఫోన్ ఎత్తడానికే భయపడే స్థితికి వచ్చాడు. అతని బోర్డులో కెపాసిటర్లు లేవు. లీకేజీ చూడాల్సినప్పుడల్లా "సిగ్నల్ లేకుండా చూద్దాం" అని బేస్‌బ్యాండ్ కేబుల్ పీకేసేవాడు. కేబుల్‌తోపాటు బయాస్ కూడా పోయేది. అలా వచ్చిన అంకెకు అర్థం లేదు. డాక్ కలిపే ఉంచి, డిజిటల్ వైపు సున్నా పంపి కొలవమన్నాను. చిప్ నిక్షేపంగా ఉంది.

అపోహ: ఒకసారి సర్దితే ఇక ఎప్పటికీ చాలు.

డిసెంబరులో ఏసీ గదిలో సర్దిన బోర్డును మే నెలలో బెజవాడ ఎండకు ఇనుప డబ్బాలో పెట్టి చూడండి. ఆఫ్‌సెట్లు వేడితో జరుగుతాయి. ఫ్రీక్వెన్సీ మార్చినా అంతే, ఎందుకంటే ఎల్‌ఓ నుంచి నేరుగా దూకే వాటా ఫేజ్ మారిపోతుంది. ఫ్రీక్వెన్సీకి, ఉష్ణోగ్రతకు ఒక పట్టిక మెమరీలో పెట్టుకోండి.

అపోహ: ఇమేజ్ ఎక్కువగా ఉంటే ఆఫ్‌సెట్ సర్దాలి.

ఇమేజ్ అంటే ఎల్‌ఓకు అవతలి పక్క కనిపించే సిగ్నల్ ప్రతిబింబం. దానికి ఆఫ్‌సెట్‌తో సంబంధం లేదు. అది ఐ, క్యూల గెయిన్, ఫేజ్ తేడా. 1 డిగ్రీ ఫేజ్ తేడా ఒక్కటే ఇమేజ్‌ను సిగ్నల్‌కు సుమారు 41 డీబీ కింద ఆపేస్తుంది. దానికి 0.1 డీబీ గెయిన్ తేడా తోడైతే 40 కూడా రాదు. ఇమేజే అసలు సిగ్నల్ కన్నా పెద్దగా కనిపిస్తే మాత్రం ఐ, క్యూ లైన్లు తారుమారయ్యాయేమో చూడండి. కంగారుపడి వచ్చేవారిలో కొందరిది ఇంతే.

అపోహ: ఎల్‌ఓ పవర్ ఎంత పెంచితే అంత మంచిది.

లీకేజీ కూడా దానితోపాటే పెరుగుతుంది. పవర్ కన్నా హార్మోనిక్స్ (ఎల్‌ఓకు రెట్టింపు, మూడు రెట్ల లాంటి ఫ్రీక్వెన్సీల్లో వచ్చే అలలు) మీద దృష్టి పెట్టండి. పాలీఫేజ్ ఫిల్టర్‌తో (రెసిస్టర్లు, కెపాసిటర్ల అల్లికతో) 90 డిగ్రీల ఫేజ్ తేడా తయారు చేసుకునే చిప్‌కు పీఎల్‌ఎల్ (ఎల్‌ఓను తయారు చేసే సర్క్యూట్) నుంచి చతురస్రపు అలను తిన్నగా ఇస్తే క్వాడ్రేచర్ చెడుతుంది. మధ్యలో చిన్న లో పాస్ ఫిల్టర్ చాలు.

అపోహ: తెర మీద కనిపించే ప్రతి చిల్లర గీతా మాడ్యులేటర్‌దే.

ఎనలైజర్ ఇన్‌పుట్ అటెన్యుయేటర్‌ను 10 డీబీ పెంచండి. అసలు సిగ్నల్ రీడింగ్ కదలకుండా చిల్లర గీతలు మాత్రం దిగిపోతే అవి ఎనలైజర్ సృష్టే.

అపోహ: కొద్దిపాటి పవరే కాబట్టి యాంటెన్నా పెట్టి చూడవచ్చు.

కూడదు. లైసెన్సు అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లకు కూడా పవర్, బ్యాండ్‌విడ్త్ షరతులు ఉన్నాయి. ఆఫ్‌సెట్, ఇమేజ్ సర్దే పని పూర్తయ్యేదాకా అవుట్‌పుట్‌ను అటెన్యుయేటర్ ద్వారా ఎనలైజర్‌కో, 50 ఓంల లోడ్‌కో మాత్రమే కలపండి.