‘ఒక్కరోజు పనేగా!’ – ఫొటోగ్రఫీ వ్యాపారంలో అపోహలు, వాస్తవాలు

ఫంక్షన్ల సీజన్ దగ్గర పడుతుందంటే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి పార్టీల నుంచి, అంటే ఫొటోలు తీయించుకునేవాళ్ల నుంచి: ‘ఒక్కరోజు పనేగా, అంత రేటా?’ రెండోది కొత్తగా స్టూడియో పెట్టినవాళ్ల నుంచి: ‘అన్నా, ఆర్డర్లకి లోటు లేదు, చేతిలో మాత్రం డబ్బు నిలవట్లేదు.’ రెండింటి వెనకా ఉన్నది ఒకే అపోహ. పార్టీవాళ్లు అలా అనుకుంటే తప్పు పట్టలేం, వాళ్లకి కనిపించేది ఆ ఒక్కరోజే. ఫొటోగ్రాఫర్ కూడా అలాగే అనుకుంటేనే స్టూడియో మూతపడేది.

అపోహ: షూట్ ఒక్కరోజే. కెమెరా ఎలాగూ కొనేశాం. వచ్చిందంతా మిగులే.

ఆమధ్య ఒక కుర్రాడు ఇదే బాధతో వచ్చాడు. ఫొటోలు చూపించాడు, లైటింగ్ నాకంటే బాగా చేస్తాడు. లోపం పనిలో లేదని అక్కడే తేలిపోయింది. కాగితం, పెన్ను ఇచ్చి, కిందటి ఈవెంటుకి ఎన్ని గంటలు పట్టిందో రాయమన్నాను. ‘8’ అని రాసి పెన్ను పక్కన పెట్టేశాడు. తీసి మళ్లీ చేతికిచ్చాను.

ఈవెంట్ 8 గంటలు. ముందు మాట్లాడటానికి, చోటు చూసి రావడానికి, ప్రయాణానికి 3. మెమరీ కార్డుల్లోంచి ఫొటోలు దింపి రెండు డిస్కుల్లోకి కాపీ చేయడానికి 1. తీసినవి 2,500 ఫొటోలు. ఒక్కోదాని దగ్గర 3 సెకన్లు ఆగినా సెలెక్షన్‌కి 2 గంటలు దాటుతుంది. ఉంచినవి 500, ఒక్కోదానికి 2 నిమిషాల కరెక్షన్ అంటే 1,000 నిమిషాలు, దగ్గర దగ్గర 17 గంటలు. ఆల్బమ్ డిజైన్‌కి 6. ‘ఆ పేజీలో మా అత్తయ్య పడలేదు’ లాంటి మార్పులకి ఇంకో 3. కూడితే 40. వాడే నవ్వేశాడు: ‘వారం పని చేసి ఒక్కరోజు కూలి తీసుకుంటున్నానా అన్నా!’

అక్కడితో అయిపోలేదు. కొనేసిన కెమెరా ఊరికే వచ్చిన కెమెరా కాదు. మధ్యస్థాయి బాడీల్లో (లెన్స్ కాక మిగతా కెమెరా) మెకానికల్ షట్టర్, అంటే క్లిక్కు క్లిక్కుకీ తెరుచుకుని మూసుకునే తెర, లక్షన్నర క్లిక్కులు తట్టుకుంటుందని కంపెనీలు చెప్పడం మామూలు. ఈవెంటుకి 2,500 క్లిక్కులంటే 60 ఈవెంట్లలో ఆ లెక్క పూర్తవుతుంది. ఆ మర్నాడే షట్టర్ పోతుందని కాదు, కానీ బాడీ ఖరీదుని 60తో భాగించి, ఆ ముక్కని ప్రతి ఆర్డర్‌లోంచి పక్కకి తీసిపెట్టాలి. ‘ఎలక్ట్రానిక్ షట్టర్ (కదిలే తెర లేకుండా సెన్సరే ఫొటో తీసుకునే పద్ధతి) వాడితే అరగదుగా’ అంటారు. అరగదు, నిజమే. కానీ ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటోల మీద చారలు పడితే పార్టీకి మీరే సమాధానం చెప్పుకోవాలి. పైగా బ్యాటరీలు, కార్డులు, ఫ్లాషులు, డిస్కులు ఎలాగూ పాతబడతాయి. అద్దె, కరెంటు, సాఫ్ట్‌వేర్ చందా, అసిస్టెంట్ జీతం, పన్ను పనిలేని నెలల్లోనూ ఆగవు. అందుకే ఏడాది ఖర్చు మొత్తం వేసి, అందులో మీ జీతం కూడా కలిపి, నిజంగా చేయగలిగిన ఈవెంట్ల సంఖ్యతో భాగించండి. వచ్చే అంకె కంటే తక్కువకి ఒప్పుకున్న ప్రతి ఆర్డర్‌కీ మీరే ఎదురు డబ్బు పెడుతున్నట్టు.

దీని తోబుట్టువు ఒకటుంది: ‘ముందు తక్కువకి చేద్దాం, పేరొచ్చాక పెంచుదాం.’ మీ రేటు 100, ఖర్చు 70, మిగిలేది 30 అనుకుందాం. బేరంలో 20 తగ్గించారు. పార్టీకి తగ్గింది ఐదో వంతే. మీకు మిగిలేది మాత్రం 30 నుంచి 10కి పడిపోయింది. అదే 30 కళ్లజూడాలంటే ఇప్పుడు మూడు ఈవెంట్లు చేయాలి. పైగా తక్కువ రేటుకి వచ్చినవాళ్లు మీ పేరుతో పాటు మీ రేటు కూడా పదిమందికి చెబుతారు. ఆ తర్వాత పెంచితే ‘వాళ్లకి అంతకే చేశావుగా’ అనే మాట తప్పదు.

తగ్గించక తప్పదనిపిస్తే రేటు కాదు, పని తగ్గించండి. గంటలు తగ్గించండి, ఆల్బమ్ షీట్లు తగ్గించండి, రెండో ఫొటోగ్రాఫర్‌ని తీసేయండి. కొటేషన్‌లో ఏది తీసేశారో రాసివ్వండి. పోర్ట్‌ఫోలియో (మీ పని చూపించుకునే ఫొటోలు) కోసం ఊరికే చేసినా బిల్లు మీద అసలు రేటు వేసి, తగ్గింపుని కింద విడిగా చూపించండి.

అప్పు చేసి, ఉద్యోగం మానేసి ఇందులోకి దిగినవాళ్లకి ఈ లెక్క చెబితే ముఖం పాలిపోతుంది. నాకు తెలుసు, ఈఎంఐ తేదీ దగ్గరపడితే ‘కాదు’ అనే మాట నోట రాదు. ఏ రేటుకీ వంగొద్దని నేననను. లెక్క తెలిసి తగ్గించడం వేరు, తెలియక తగ్గించడం వేరు. వీలైతే పెద్ద ఈవెంట్ల మీదే ఆధారపడకుండా దుకాణాలకి ప్రాడక్ట్ ఫొటోలు, ఆఫీసులకి పోర్ట్రెయిట్లు లాంటివి పట్టండి. ఒక్కోసారి వచ్చేది చిన్న మొత్తమే కానీ సీజన్‌తో పనిలేదు, పని నచ్చితే ఆ పార్టీ మళ్లీ వస్తుంది.

అపోహ: ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా ఉంటేనే ఆర్డర్లొస్తాయి.

ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! 24 మెగాపిక్సెల్ కెమెరా ఏదైనా సుమారు 6,000 × 4,000 పిక్సెళ్ల ఫొటో ఇస్తుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ వేస్తే 20 × 13 అంగుళాలు. అంతకంటే పెద్ద ఆల్బమ్ పేజీ ఎంతమంది అడుగుతారు? డబ్బుంటే ముందు మంచి ఫ్లాష్ కొనండి, తర్వాత లెన్స్. ఎప్పుడో ఒకసారి పనికొచ్చే లెన్స్ అద్దెకి తెచ్చుకోండి. బాడీ కోసం కొత్తగా అప్పు మాత్రం వద్దు. రెండు కార్డ్ స్లాట్లున్న బాడీ అయితే చాలు, రెండింట్లోనూ ఒకేసారి రాసుకునేలా పెట్టుకోండి.

అపోహ: తెలిసినవాళ్ల దగ్గర అగ్రిమెంట్, అడ్వాన్స్ ఏంటి? అడిగితే పోతారు.

తెలిసినవాళ్ల దగ్గరే ముందు కావాలి. ఓసారి బాగా పరిచయమున్న కుటుంబంలో పెద్దాయన, ‘మనలో మనకి కాగితాలేంటి బాబూ’ అని చిన్నబుచ్చుకున్నాడు. నవ్వుతూనే సంతకం పెట్టించుకున్నాను. తీరా వాళ్ల ఫంక్షన్ వాయిదా పడింది. అడ్వాన్స్ పోయినట్టేనని ఇంట్లో ఒకరు, డబ్బు మొత్తం వెనక్కివ్వాలని ఇంకొకరు. ఆ పెద్దాయనే బీరువాలోంచి కాగితం తెచ్చి, వేలు పెట్టి చదివాడు: ‘తేదీ మారితే అడ్వాన్స్ కొత్త తేదీకి వర్తిస్తుంది, ఆ రోజు ఖాళీ ఉంటే.’ ఖాళీ ఉంది. గొడవ అక్కడితో సరి. ఒక్క పేజీ చాలు: తేదీ, గంటలు, ఎన్ని ఫొటోలు, ఎన్ని షీట్లు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి ఇస్తారు, వాయిదా పడితే ఏమిటి, డబ్బు ఎన్ని విడతల్లో. చివరి విడత ఆల్బమ్ ప్రింటుకి వెళ్లే ముందే తీసుకోండి. ప్రింట్ వచ్చాక అడిగితే మీరు అడుగుతూనే ఉంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ‘డేటా కార్డులో భద్రంగానే ఉంది’ అనేవాళ్లకి: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒకటి స్టూడియో బయట. ఆల్బమ్ చేతికిచ్చేదాకా ఏదీ ఫార్మాట్ చేయొద్దు. రా ఫైళ్లు (కెమెరా నుంచి నేరుగా వచ్చే, కరెక్షన్ చేయని ఫైళ్లు) అడిగితే అవమానంగా తీసుకోనక్కర్లేదు. ఇస్తారో లేదో, ఇస్తే ఎంతకో కొటేషన్‌లోనే ఉంటే సరి. ఫాలోవర్లు వేలల్లో ఉన్నారని మురిసిపోకండి, లైక్ కొట్టినవాళ్లంతా అడ్వాన్స్ కట్టరు. పాత పార్టీకి మరుసటి ఏడాది అదే తేదీన ఒక ఫొటో పంపి పలకరించడం నాకు అంతకంటే ఎక్కువ పని తెచ్చింది. ఏఐ వచ్చింది కాబట్టి మన పని అయిపోయిందనేవాళ్లు ఆ గంటల పట్టిక మళ్లీ చూడాలి: సెలెక్షన్, కరెక్షన్ గంటలు ఏఐతో నిజంగానే తగ్గుతాయి, ఆ 8 గంటలు హాల్లో నిలబడాల్సింది మాత్రం మనమే.

‘నేను తీశాను కాబట్టి ఫొటో నాది, ఎక్కడైనా పెట్టుకుంటాను’ అనేది కూడా వదిలేయండి. కాపీరైట్ కొన్ని దేశాల్లో తీసినవాళ్లది, కొన్నిచోట్ల డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లది. ఒప్పందంలో రాసుకున్నదాన్ని బట్టి అదీ మారుతుంది. కాపీరైట్ మీదే అయినా అందులో ఉన్నది వాళ్ల ముఖం. ప్రచారానికి వాడుకోవచ్చా అనే ప్రశ్న అగ్రిమెంట్‌లోనే పెట్టి, అవును, కాదు అని రెండు గళ్లు గీయండి. పిల్లల ఫొటోలైతే అవును అని టిక్కు పెట్టినా, పోస్ట్ చేసే ముందు తల్లిదండ్రుల్ని ఇంకోసారి అడగండి.